నెత్తురు అడుక్కి దిగేదాకా

వరసలుగా గుంటలున్న పరీక్ష పలక మీద పళ్ళెం బోర్లించి కుర్చీలో కూర్చున్నాక అరుణాదేవి చేతులకు ఇక పనేమీ మిగల్లేదు. ఇంతసేపూ మనసు చేతుల వెంటే తిరిగింది. కోడి రక్తం గడ్డకట్టాక పైన తేరిన పసుపుపచ్చని సీరాన్ని పలకలోని మొదటి గుంటలో వేయడం, అందులో సగం తీసి ఉప్పునీళ్ళున్న రెండో గుంటలో, దానిలో సగం తీసి మూడో గుంటలో, వరస చివరిదాకా అలా పలుచన చేసుకుంటూ పోవడం, హైదరాబాదు నుంచి ఐసు ఫ్లాస్కులో తెచ్చిన, కోళ్ళను కుప్పలుగా చంపే కొక్కెర రోగపు వైరస్ ద్రావణం గుంటకొక చుక్క, కాసేపాగి ఆసుపత్రి పెరట్లోని పుంజు రెక్కనరంలోంచి తీసి కడిగిన ఎర్రకణాలు గుంటకొక చుక్క. ముప్పావుగంట ఆగాలి. ఆ ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగాలి. పలకను కదపకూడదు, మధ్యలో తీసి చూడకూడదు, టేబుల్‌ను తాకకూడదు. వికారాబాద్ పశువుల ఆసుపత్రిలో ఇది పరీక్షలు చేసే గది అని పేరేగాని, ఒకప్పుడు దాణా బస్తాలు పెట్టుకున్న కొట్టు, ఇప్పటికీ మూలల్లో తవుడు వాసన. ఎండాకాలం మొదట్లోనే రేకులు కాగుతున్నాయి. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. మూసే కూర్చుంది.

వైరస్‌కు ఎర్రకణాలను పట్టి అల్లేసే గుణం ఉంది. అడ్డేది లేకపోతే కణాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గుంటంతా పలుచని వలలా పరుచుకుంటాయి. కోడి రక్తంలో యాంటీబాడీలు ఉంటే అవి వైరస్‌ను పట్టి ఆపేస్తాయి, కణాలు విడివిడిగా జారి గుంట అడుగున బొట్టు పెట్టినట్టు ఎర్రగా కూడుకుంటాయి. ఎన్ని గుంటలదాకా బొట్టు కనిపిస్తే రక్తంలో అంత యాంటీబాడీ. అంతే పరీక్ష. రెండు వరసలు వేసింది, రెండూ కరణ్‌కోట జంగప్ప కోళ్ళ రక్తమే. పై వరసలోది తను ఆ షెడ్డుకు వెళ్ళిన రోజు తీసింది. కింది వరసలోది రెండు వారాల తర్వాత, ఇవాళ పొద్దున, అటెండరు మత్తయ్యను పంపి తెప్పించింది. రెండు వరసల్లో బొట్లు ఒకేచోట ఆగితే కోళ్ళలో ఉన్నది ఎప్పుడో వేయించిన టీకా బలమే. కింది వరస పై వరసను దాటిపోతే మాత్రం మధ్యలో కొక్కెర రోగం షెడ్డులో అడుగుపెట్టిందని. తనకు తెలిసినంతలో, ఇవాళ మత్తయ్య వెళ్ళేదాకా ఆ షెడ్డులో అడుగుపెట్టిన పరాయి మనిషి తనొక్కతే.

చెప్పులు కడిగానా.

మళ్ళీ అక్కడికే వచ్చింది. నాలుగు రోజులుగా మనసు ఎటు బయలుదేరినా అక్కడికే చేరుతోంది, వంట చేస్తున్నా, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా. ఆ రోజు పొద్దున పెద్దేముల్‌లో మహేందర్ షెడ్డు చూసింది, అక్కడినుంచి తాండూరు వచ్చి మధ్యాహ్నానికి కరణ్‌కోట వెళ్ళి జంగప్ప షెడ్డు చూసింది. మధ్యలో మహేందర్ బావి మోటారు దగ్గర ఆగింది. అక్కడ తొట్టి ఉంది. ప్రతి షెడ్డు నుంచి బయటికి వచ్చాక బకెట్ నీళ్ళలో పర్మాంగనేటు వేసుకుని, చెప్పులు ముంచి, కాళ్ళు కడుక్కోవడం తన అలవాటు. గులాబీరంగు నీళ్ళు కళ్ళముందు కనిపిస్తున్నాయి, అందులో తన పాదాలు కనిపిస్తున్నాయి, మడమ దగ్గర పట్టీ రంగు పట్టడం కనిపిస్తోంది. కాని అది ఆ రోజుదేనా? అంతకుముందు సారిదా? మహేందర్ తల్లి మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి "ఎండ మస్తున్నది బిడ్డ, జర కూసో" అనడం గుర్తుంది, బస్సు పోతుందేమోనని తను గ్లాసు నిలబడే ఖాళీ చేయడం గుర్తుంది, బస్సు కోసం గట్టు మీద పరుగులాంటి నడక గుర్తుంది. మజ్జిగకూ బస్సుకూ మధ్య ఏముంది? అక్కడ గులాబీ నీళ్ళు పెట్టి చూస్తే సరిపోతున్నాయి, తీసేసి చూసినా సరిపోతోంది. మనసు మనకు కావలసినట్టు బొమ్మ గీసి ఇస్తుంది, ఇదిగో నువ్వు కడిగావు పో అంటుంది, ఆ బొమ్మను నమ్మేలోపే అదే మనసు ఎండిన చెప్పులు చూపిస్తుంది. ఆ రోజు మత్తయ్య కూడా వెంట లేడు, వాళ్ళ చర్చిలో పెళ్ళని సెలవు పెట్టాడు. ఉంటే అడిగేది. అడిగేదా? ఏమని?

మహేందర్ కోళ్ళు ఆ పొద్దున తుమ్ముతున్నాయి. ముక్కుల్లో నీళ్ళు, కొన్నిటికి ముఖం కాస్త ఉబ్బింది. జలుబే అనుకుంది. చలికాలం పోయి ఎండ ముదిరే రోజుల్లో షెడ్డులో పొట్టు దుమ్ము లేస్తుంది, అమోనియా ఘాటుకు ముక్కులు కారుతాయి, ఇవన్నీ నిజమే కదా, పుస్తకంలో ఉన్నవే కదా. నీళ్ళలో కలిపే పొడి రాసిచ్చింది. ఒక పెట్టను ఎత్తి గొంతు చూస్తుంటే అది ముఖం మీదే దగ్గింది. ముంజేత్తో కన్ను తుడుచుకుంది. అది మాత్రం బాగా గుర్తుంది, చూడు, దాన్ని మరిచిపోదు మనసు. రెండో రోజుకు ఎడమకన్ను ఎర్రబడి నీరు కారింది. కండ్లకలక, తాండూరులో అందరికీ వచ్చింది, అని అందరూ అన్నారు, తనూ అంది. కాని అర్ధరూపాయంత అక్షరాలతో పుస్తకంలో రాసినట్టే గుర్తుకొచ్చింది తర్వాత: కొక్కెర పట్టిన కోళ్ళను ముట్టుకున్నవాళ్ళ కంటికి ఆ వైరస్ తగిలితే కన్ను ఎర్రబడుతుంది, వారంలో తగ్గిపోతుంది, మనిషికి ఇంకేమీ కాదు. మనిషికి ఇంకేమీ కాదు. పదో రోజుకు మహేందర్ కబురు పంపాడు, కోళ్ళ మెడలు తిరిగిపోతున్నాయి, పచ్చగా పారుకుంటున్నాయి, పొద్దున లేచేసరికి కుప్పలుగా పడుంటున్నాయి అని. ఆ కాగితం చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది మహేందర్ కాదు. జంగప్ప.

జంగప్పకు చెవులు వినపడవు. రాతి గనిలో తూటాలు పేల్చే పని చేశాడు చాలా ఏళ్ళు, కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో ఇంత మిగిలింది. గని మానేసి ఇంటి వెనక బండలతో గోడలు కట్టి, పైన రేకులేసి కోళ్ళు పెట్టాడు. కోళ్ళకు రొంప పట్టిందో లేదో ముందు చెవికే తెలుస్తుంది, కంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. చీకటి పడ్డాక అవి గూళ్ళు సర్దుకుని నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటే, ఎక్కడో ఒక మూల గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు గురగుర. ఆయనింట్లో ఆ పని భార్య భీమమ్మది. ఆ రోజు భీమమ్మ లేదు.

"డాక్టరమ్మ, నా షెవులు పనిజెయ్యయి. మా ఆడామె ఉంటె ఆమె ఇంటుండె. బిడ్డ కాన్పుకని సేడం పొయ్యింది. మీరు జర లోపల నిలవడి ఇనుండ్రి," అన్నాడు.

తను గుమ్మం దగ్గరినుంచే చూసి వచ్చేద్దామనుకున్నది. నిజంగానే అనుకుంది. అలసటగా ఉంది, బస్సు దుమ్ము గొంతులో ఉంది. కాని ఆయన అడిగిన తీరు, చేతిలో తువ్వాలు మడిచి పట్టుకుని, తన పెదాలకేసి చూస్తూ. లోపలికి వెళ్ళింది. కిటికీలకు గోనెపట్టాలు దించాడు. మసక చీకట్లో కోళ్ళు కాసేపు కలవరపడి సద్దుమణిగాయి. ఆ చివరినుంచి ఈ చివరిదాకా పొట్టులో మెల్లగా అడుగులేస్తూ, అక్కడక్కడా ఆగి, ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ ఊపిరి సముద్రంలా ఉంటుందని అప్పుడనిపించింది, తను సముద్రం చూసింది ఒక్కసారే. బయటికి వచ్చి ఆయన ఎడమచెవి దగ్గర "మంచిగున్నయి, ఏం సప్పుడు లేదు" అని గట్టిగా చెప్తే ఆయన ముఖం విచ్చుకుంది. టీకా పట్టిందో లేదో చూద్దామని కొన్ని కోళ్ళ రక్తం కూడా తీసుకుని వచ్చింది. అంత శ్రద్ధగా చేసింది. అంత శ్రద్ధగా, ఒక్క మూల కూడా వదలకుండా, షెడ్డంతా నడిచింది.

టేబుల్ అదిరింది. గూడ్సు బండి. స్టేషను దగ్గరే, బండి పోయినప్పుడల్లా గది కిటికీ అద్దాలు గలగలమంటాయి. అరుణాదేవి లేచి నిలబడింది, పలకను పట్టుకోబోయి ఆగిపోయింది, పట్టుకుంటే ఇంకా కదులుతుంది. బొగ్గు వ్యాగన్లు కాబోలు ఎంతకీ తెగడం లేదు. పోనీ చెడిపోతే? అదిరి కణాలు చెదిరిపోతే పరీక్ష చెల్లదు, మళ్ళీ వేయాలి, వైరస్ ద్రావణం అయిపోయింది, మళ్ళీ హైదరాబాదు నుంచి రావాలి, వారం పడుతుంది. వారం. మోచేయి తగిలిందని చెప్పొచ్చు. ఇంత చిన్న గది, కొంగు తగిలిందని చెప్పినా నమ్ముతారు. ఎవరు అడుగుతారు అసలు? ఈ ఆలోచన తనదేనా అని భయమేసింది, అవును తనదే, ఎంత సులువుగా వచ్చింది, తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చే చుట్టంలా. బండి పోయింది. టేబుల్ నిలిచింది. మళ్ళీ కూర్చుంది.

అమ్మమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాడలో ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే అమ్మమ్మ గుమ్మానికి వేపమండలు కట్టేది, ఆ ఇంటివైపు వెళ్ళొచ్చిన వాళ్ళు ఎవరైనా సరే, మేనమామైనా సరే, బయట అరుగు మీదే నిలబడి మాట్లాడాలి. ఒకసారి నాన్న ఊరినుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడితే, దాహమంటే, గిన్నెను అరుగు మీద పెట్టి వెనక్కి జరిగి "పోసుకో నాయనా" అంది. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివేటప్పుడు ఈ సంగతి స్నేహితురాళ్ళకు చెప్పి నవ్వించింది. అందరూ నవ్వారు. వైరస్ పేరు తెలిసినవాళ్ళం కదా. సూక్ష్మదర్శినిలో కూడా కనిపించనంత చిన్నదని, గాలిలో తేలుతుందని, చెప్పులకంటిన పేడలో రోజుల తరబడి బతుకుతుందని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. అమ్మమ్మకు దాని పేరు తెలియదు. గుమ్మం తెలుసు. నాన్నకు కోపం రాలేదు అప్పుడు, అరుగు మీద కూర్చుని గిన్నెడు నీళ్ళూ తాగి, బావి దగ్గర తలారా పోసుకుని అప్పుడే లోపలికి వచ్చాడు. నాన్న లోపలికి వచ్చేదాకా తను తలుపు వెనక నిలబడి చూస్తూనే ఉంది, నాన్న ఒంటి మీద ఏముందో అని, ఏమీ కనిపించడం లేదేమిటని.

తలుపు తోసుకుని మత్తయ్య వచ్చాడు, చాయ్ గ్లాసు పట్టుకుని. టేబుల్ మీద పెట్టబోతే వద్దని సైగ చేసి చేతిలోకి తీసుకుంది.

"నా ఎంబడి వచ్చిన జంగప్ప ఇంక బయటనె కూసున్నడు మేడం. రిజల్టు ఇనేదాంక పోనంటుండు," అన్నాడు మత్తయ్య.

"కోళ్ళు ఎట్ల కనవడ్డయి నీకు?"

"మంచిగనె ఉన్నయి. ఒకటి రెండు మెడ సాపి నోరు తెరుస్తున్నయి. ఎండకేమొ."

"సప్పుడు?"

"రేకుల మీద కాకులు ఒర్రుతుండె మేడం, సక్కగ ఇనవడలె." ఆమె కంటివైపు చూసి, "కన్ను తగ్గింది గద" అన్నాడు.

తగ్గింది, అంది. అతను వెళ్ళిపోయాడు. ఎండకేమొ. మెడ సాపి నోరు తెరుస్తున్నయి. ఎండకు కోళ్ళు నోరు తెరుస్తాయి, నిజమే, రెక్కలు కూడా ఎడంగా పెడతాయి, మెడ మాత్రం చాపవు. చాపుతాయా? వేడి చాయ్‌ను చల్లారిపోయినదానిలా గడగడా తాగింది, రుచి తెలియలేదు.

కిటికీ రెక్క ఇంత తెరిచి చూసింది. ఆసుపత్రి వాకిట్లో బర్రెలను తోలుకొచ్చిన వాళ్ళు నలుగురైదుగురు నీడకు కూర్చున్నారు. జంగప్ప వాళ్ళకు కాస్త ఎడంగా గోడకానుకుని ఉన్నాడు. పక్కనున్నాయన ఏదో చెప్తుంటే నవ్వుతూ తలూపుతున్నాడు. వినపడలేదని ఇక్కడినుంచే తెలుస్తోంది. వినపడనప్పుడు ఆయన అలా నవ్వుతాడు, ఎదుటివాడి మాటను చిన్నబుచ్చకుండా. ఆ నవ్వును తను ఏం చేయబోతోంది? భీమమ్మ బిడ్డ కాన్పు చూసుకుని తిరిగి వచ్చేసరికి షెడ్డు ఎలా ఉంటుంది? ఆమె వచ్చీ రాగానే తలుపు దగ్గర నిలబడి వింటుంది. మొదట ఆమెకే వినపడుతుంది. ఎవలొచ్చిండ్రు లోపలికి అని అడుగుతుంది, అడగకుండా ఉంటుందా? డాక్టరమ్మ వచ్చింది, మంచిగున్నయని చెప్పిపోయింది.

పరీక్ష రోగం వచ్చిందనే చెప్తుంది, ఎవరు తెచ్చారో చెప్పదు. ఇది రెండో ఆలోచన, మొదటిదానికన్నా నెమ్మదస్తురాలు, చదువుకున్నది. దాణా బస్తాలతో రావచ్చు. కాకులతో రావచ్చు, రేకుల మీద కాకులు ఒర్రుతున్నాయి కదా. గుడ్లకు వచ్చే వ్యాపారుల గంపలతో రావచ్చు. తాండూరు చుట్టుపక్కల ఇన్ని షెడ్లున్నాయి, గాలి ఉంది. ఏ పశువుల డాక్టరును అడిగినా ఇదే అంటారు, చెప్పలేం అంటారు. అది అబద్ధం కూడా కాదు. తను కడిగి ఉండొచ్చు కదా. గులాబీ నీళ్ళు కనిపిస్తున్నాయి కదా. ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయి, బకెట్ అంచుకు సొట్ట కూడా కనిపిస్తోంది. మహేందర్ బకెట్‌కు సొట్ట ఉందా? ఈ సొట్ట బకెట్ ఎవరిది? తనింట్లోది. తనింట్లో, స్నానాలగదిలో, రోజూ చూసే బకెట్.

అరుణాదేవి కళ్ళు మూసుకుంది. మహేందర్ బావి దగ్గర తనింటి బకెట్ ఉంది. మనసు దాన్ని ఇక్కడినుంచి మోసుకుపోయి అక్కడ పెట్టింది. తీసేసి చూసింది. తొట్టి, మోటారు, మజ్జిగ, గట్టు, బస్సు. అంతే. దానర్థం కడగలేదని కాదు, దానర్థం ఇక ఎప్పటికీ తెలియదని. ఏళ్ళ తరబడి ఇలాగే ఉంటుందేమో, ఏ షెడ్డు గుమ్మం ముందు నిలబడ్డా, ముసలిదయ్యాక కూడా, పిల్లలకు అన్నం కలుపుతున్నప్పుడు కూడా.

గడియారం చూసింది. సమయం దాటి కొంతసేపైంది. ఎప్పుడు దాటిందో గమనించలేదు, లేక గమనించనట్టు కూర్చుందా. లేచి పళ్ళెం తీసింది.

పై వరసలో మొదటి నాలుగు గుంటల్లో బొట్లు, తర్వాత వల. టీకా బలం, తగ్గుముఖంలో ఉన్నది. కింది వరస చూసింది. బొట్టు, బొట్టు, బొట్టు. నాలుగో గుంట దగ్గర ఆగలేదు. అయిదు. ఆరు. వేలు పెట్టి లెక్కపెట్టబోయి, వేలు తీసేసి కళ్ళతోనే పోయింది. వరస చివరిదాకా ఎర్రటి, గుండ్రటి, అంచులు తేలిన చక్కటి బొట్లు. ఇంత శుభ్రంగా వచ్చిన పరీక్షను కాలేజీలో కూడా చూడలేదు. పలకను కొంచెం వంచింది. బొట్లన్నీ ఒక్కసారే కరిగి కన్నీళ్ళలా కిందికి జారాయి. నిజమైన బొట్లయితే అలాగే జారతాయి. మళ్ళీ తిన్నగా పెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కుంది, మోచేతులదాకా, మళ్ళీ కడుక్కుంది, బయటికి నడిచింది.

ఆమెను చూసి జంగప్ప లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ కోళ్ళకు కొక్కెర వచ్చింది జంగప్పా," అంది.

ఈ మాట పెదాల మీదే చదివాడు. కొక్కెర అనే మాటకు ఆ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా తలలెత్తారు.

"టీకాలు ఏపిచ్చిన గద డాక్టరమ్మ."

"ఏపిచ్చిండ్రు కాబట్టే ఇంక నిలవడ్డయి. కొన్ని పోతయి. శానమట్టుకు బతుకుతయి. కాని ఒక్క కోడి గూడ బయటికి పోవద్దు. చచ్చినయి సున్నమేసి పూడ్వాలె." ఇంతవరకు చెప్పగలిగింది. డాక్టరు చెప్పే మాటలే. ఆ తర్వాతి మాటను నేలకేసి చూస్తూ మెల్లగా అంది. "అది నాతోనే వచ్చింది."

జంగప్ప తలూపాడు. "అవు, వచ్చింది. గాలికొస్తది. ఎవలేం జేస్తరు."

చివరి మాట ఒక్కటే విన్నాడు. చెప్పేసింది కదా. చెప్పింది, ఆయన విన్నాడు, విన్నంత విన్నాడు. వాకిట్లో ఎండ తెల్లగా ఉంది. గేటు దగ్గర మత్తయ్య ఎవరి బర్రెకో తాడు కడుతున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళి పలక కడిగేస్తే అంతా అయిపోతుంది, ఆయన గాలిని తిట్టుకుంటూ తాండూరు బండెక్కుతాడు, భీమమ్మకు కూడా గాలి అనే చెప్తాడు. ఈ మనిషికి చెప్పాలంటే గుసగుసగా చెప్పే వీల్లేదు. వాకిలంతా వినేలాగే చెప్పాలి. ఆమె ఆయనకు ఎడమవైపు వచ్చి, తాకకుండా కాస్త ఎడంగా నిలబడి, గొంతెత్తింది.

"నాతోనే వచ్చింది జంగప్పా. ఆ పొద్దు నేను పెద్దేముల్ల మహేందర్ షెడ్డుకెళ్ళి సీదా మీ షెడ్డుకొచ్చిన. ఆడ రోగముండె. జలుబనుకున్న. చెప్పులు కడిగిన్నో లేదో నాకు యాదికి లేదు."

బర్రెల దగ్గరివాళ్ళు ఇటు తిరిగారు. మత్తయ్య తాడు పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు.

"యాదికి లేదా," అన్నాడు జంగప్ప.

"లేదు."

ఆయన నవ్వలేదు. కోపంగా కూడా చూడలేదు. అసలు ఆమెకేసి చూడలేదు. తువ్వాలు ఒకసారి మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. గొంతు ఎంత వస్తోందో తనకే తెలియనట్టు మెల్లగా మాట్లాడాడు.

"మొన్న చాంద్‌పాషాకు గంపెడు కోళ్ళిచ్చిన డాక్టరమ్మ. వారం సంది గుడ్లు తగ్గినయి. పెంకులు మెత్తగొస్తున్నయి. ఏందో ఉన్నదనిపిచ్చింది. మీకు చెప్తె అమ్మొద్దంటరని చెప్పలె."

"చాంద్‌పాషా ఎవరు?"

"కోళ్ళు కొంటడు. ఊరూరు తిరుగుతడు. కొడంగల్ల అంగడి రేపు, ఆడికి తీస్కపోత అన్నడు." తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "మీరు తెస్తె, నేను పంచిన."

పరిగి మీదుగా పోయే కొడంగల్ బస్సు అప్పటికి ఇంకా స్టాండులోనే ఉంది. ఆమె ఇంటికి పరుగెత్తి తలారా పోసుకుని, చీర మార్చుకుని, వేరే చెప్పులేసుకుని వచ్చేదాకా జంగప్ప బస్సు మెట్టు మీద కాలు పెట్టి కండక్టరుతో ఏదో మాట్లాడుతూ ఆపి ఉంచాడు, వినపడకపోవడం అప్పుడు పనికొచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. కిటికీలోంచి ఎండిన కందిచేలు వెనక్కి పోతుంటే అరుణాదేవి ప్రతి ఊళ్ళోనూ కోళ్ళనే చూసింది, పెంటకుప్పల మీద, గోడల నీడన, చిన్నపిల్లల కాళ్ళ మధ్య. ఇంతకాలం ఈ దారిలో ఇన్ని కోళ్ళున్నాయని చూడనేలేదు. తర్వాత రోజుల్లో జంగప్ప షెడ్డులో మూడోవంతు పోయాయి, తక్కినవి తేరుకుని వానలు పడ్డాక మళ్ళీ గుడ్లు పెట్టాయి. మహేందర్ షెడ్డు ఆ ఏడంతా ఖాళీగా ఉండిపోయింది, ఆయన ఆమెను మళ్ళీ పిలవలేదు. భీమమ్మ మాత్రం సేడం నుంచి రాగానే మనవడి పేరు చెప్పడానికి ఆసుపత్రికి వచ్చింది, షెడ్డు సంగతి ఒక్క మాట ఎత్తలేదు, ఎత్తకపోవడమే అరుణాదేవికి చాలారోజులు గుచ్చుకుంది. అవన్నీ తర్వాత. ఆ మధ్యాహ్నం బస్సులో ఆమెకు తెలిసిందల్లా గంపలో కోళ్ళున్నాయని, గంప ఎక్కడుందో తెలియదని.

చాంద్‌పాషా ఇల్లు కొడంగల్‌లో అంగడి మైదానం వెనకే. వేపచెట్టు కింద గంప ఉంది, పైన గోనె కప్పి ఉంది. ఆమె వీధిలోనే ఆగిపోయింది. జంగప్ప ముందుకు వెళ్ళి చెప్పాడు, మొత్తం, తనదీ ఆమెదీ, పెద్ద గొంతుతో. చాంద్‌పాషా గడ్డం గోక్కుంటూ విన్నాడు. గోనె ఎత్తి చూశాడు. కోళ్ళు కదలకుండా కూర్చుని ఉన్నాయి, ఒకటి మెడ చాపి నోరు తెరిచి మూసింది. అతను గోనె మళ్ళీ కప్పాడు.

"రెండు లేవు ఇందుల," అన్నాడు. "పొద్దుగాల మా బిడ్డ రుఖియాకు ఇచ్చిన. వాళ్ళింట్ల పెంచుకునే కోళ్ళు మస్తున్నయి."

"ఇల్లు ఎంత దూరం?" అని వీధిలోంచే అడిగింది అరుణాదేవి.

"గీ మలుపు తిరిగితె. పాండ్రి."

అతను అంగీ తొడుక్కుంటూ ముందు నడిచాడు, వెనక జంగప్ప, వాళ్ళకు కాస్త ఎడంగా ఆమె. మలుపు తిరిగాక రాతిగోడ, నీలం రంగు తలుపు. గోడవతల ఒక పుంజు కూసింది, పెట్టలు కొన్ని కొకొక్కుమన్నాయి. చాంద్‌పాషా పిలుపు విని రుఖియా తలుపు తీసింది, చంకలో తెల్లకోడి ఒకటి ఉంది, దాని తలను వేలితో నిమురుతోంది. తండ్రిని చూసి, వెనకున్న కొత్తవాళ్ళను చూసి, పైట సర్దుకుని తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.

"ఎండల నిలవడ్డరేంది, లోపలికి రాండ్రి," అంది.

అరుణాదేవి ఒక అడుగు వెనక్కి వేసింది.